వ్యాను కూత పెడుతోందా? చెవొగ్గి వినండి!

"బండి నడపడం వస్తే చాలమ్మా. లోపల సంగతులు మీకెందుకు?"

మెకానిక్ షెడ్డుకి వెళ్లిన ఆడవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటారు. మా వదిన కూడా వింది. ఒకసారి కాదు, మూడుసార్లు! మూడోసారి కూడా "సరేలే" అని ఊరుకుని ఉంటే ఆవిడ వ్యాను ఏ కాలవ గట్టు మీదో ఆగిపోయేదే. అందులో పదకొండు మంది బడిపిల్లలు.

అన్నయ్య పనిచేసే మిల్లు మూతపడ్డాక వదిన అప్పు చేసి ఓ పాత వ్యాను కొంది. తణుకు చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని పొద్దున్నే బడిలో దింపడం, సాయంత్రం ఇళ్లకి చేర్చడం. నడిపేదీ ఆవిడే, కడిగేదీ ఆవిడే. ఇంటి ఖర్చు, బ్యాంకు వాయిదా, అన్నయ్య మందులు... అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే.

ఓ రోజు పొద్దున్న ముగ్గేద్దామని వాకిట్లోకి వస్తే వ్యాను కింద, సరిగ్గా వెనక చక్రాల మధ్య, నల్లటి నూనె మరక. షెడ్డుకి తీసుకెళితే "డిఫరెన్షియల్ ఆయిల్ సీలు పోయిందమ్మా. గంటలో అయిపోతుంది" అన్నారు. అన్నట్టే గంటలో అయిపోయింది. మరక పోయింది. కానీ మర్నాటి నుంచి కొత్త బాధ మొదలైంది. బండి వేగం నలభై దాటితే చాలు, వెనకనుంచి "ఊఁ..." అంటూ సన్నటి కూత!

మొదటిసారి వెళ్లి చెబితే "టైర్ల చప్పుడమ్మా" అన్నారు. రెండోసారి "కొత్త ఆయిలు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నారు. మూడోసారి "మీకలా అనిపిస్తోందంతే. పాటలు పెట్టుకోండి, వినబడదు" అని నవ్వారు.

వదిన పాటలు పెట్టుకోలేదు. పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి తీసుకుంది. ఆవిడ అందులో ఏం రాసిందో తర్వాత చెబుతాను. ముందు ఆ కూత ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. అర్థం కానంత కష్టమైన సంగతేం కాదు. మిక్సీ, కుక్కరు వాడే చేతులకి అసలే కష్టం కాదు.

అమ్మమ్మ, మనవరాలు, ప్రదక్షిణ

అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మనవరాలు గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తోందనుకోండి. గోడ వారగా అమ్మమ్మ, బయటి వైపు మనవరాలు. మలుపు దగ్గర అమ్మమ్మ నాలుగడుగులు వేస్తే మనవరాలు ఎనిమిది వెయ్యాలి. లేకపోతే చెయ్యి లాగేసినట్టవుతుంది.

బండి మలుపు తిరిగేటప్పుడూ అంతే. లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. రెంటినీ ఒకే ఇరుసుకి గట్టిగా బిగించేస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఆ తేడాని సర్దేదే డిఫరెన్షియల్. ఆవిరి బండి కోసం దీన్ని 1820ల చివర్లో పేటెంటు చేయించినవాడు ఒనెసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు. ఇప్పటికీ సూత్రం అదే.

పాత అంబాసిడర్ (2014లో తయారీ ఆగిపోయింది), ఓమ్ని వ్యాను, సుమో (ఈ రెండూ 2019లో ఆగిపోయాయి), ఇప్పటికీ తయారవుతున్న ఈకో, బొలెరో... వీటన్నిటికీ తిరిగే శక్తి వెనక చక్రాలకే వెళుతుంది. ముందు వైపున్న ఇంజను నుంచి ఓ పొడవాటి గొట్టం బండి కింద వెనక్కి వెళుతుంది. అదే ప్రొపెల్లర్ షాఫ్ట్. వెనక ఇరుసు మధ్యలో కనబడే గుండ్రటి ఇనప డొప్పలో ఉంటుంది డిఫరెన్షియల్.

ఆ గొట్టాన్నీ ఈ డొప్పనీ కలిపేదే ఫ్లాంజ్. మిక్సీ జారు అడుగున పళ్లున్న బిళ్ల ఉంటుంది చూడండి, మోటారు తిప్పుడుని బ్లేడుకి అందించేది... ఇదీ దాదాపు అలాంటిదే. మధ్యలో పళ్ల గాడి, చుట్టూ నాలుగు బోల్టులకి కన్నాలు. దాని మెడ చుట్టూ ఉండే రబ్బరు వలయమే ఆయిల్ సీలు. కుక్కరు గాస్కెట్టు ఆవిరిని ఆపినట్టు, ఇది లోపలి నూనెని ఆపుతుంది. సీలు మార్చాలంటే ఫ్లాంజ్ విప్పక తప్పదు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

నట్టులోనే ఉంది గుట్టు

ఫ్లాంజ్‌ని పట్టి ఉంచేది మధ్యలో ఓ పెద్ద నట్టు. చూడ్డానికి మామూలు నట్టే. కానీ అది చేసే పని రెండు రకాలు. ఫ్లాంజ్‌ని పట్టి ఉంచడం ఒకటి. లోపల పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని మోసే రెండు బేరింగుల్ని ఎంత గట్టిగా నొక్కి ఉంచాలో నిర్ణయించడం రెండోది. ఈ రెండోదే చాలామంది మర్చిపోతారు.

చాలా బండ్లలో ఆ రెండు బేరింగుల మధ్య పల్చటి ఇనప గొట్టం ముక్క ఒకటి ఉంటుంది. మొదటిసారి నట్టు బిగించినప్పుడు అది కొలత ప్రకారం కొద్దిగా నలుగుతుంది. నలగాలి కూడా. కానీ నలిగింది మళ్లీ సాగదు. కాలితో తొక్కిన పాలడబ్బా మళ్లీ గుండ్రంగా వస్తుందా? ఇదీ అంతే.

అందుకే ఫ్లాంజ్ విప్పి మళ్లీ పెట్టేటప్పుడు నట్టుని పాత చోటికే తేవాలి. ఎక్కువ బిగిస్తే గొట్టం ఇంకా నలిగిపోతుంది. బేరింగులు పట్టేసినట్టయి, వేడెక్కి, కూత పెడతాయి. అలాగని నట్టు కాస్త వదులు చేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటే. గొట్టం పొట్టిదైపోయాక వదులు చేసిన నట్టు దేన్నీ పట్టి ఉంచదు. కొత్త గొట్టం వేసి మొదటినుంచీ కొలవాల్సిందే.

తక్కువ బిగిస్తే ఇంకో ప్రమాదం. పినియన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. అది తిప్పే పెద్ద పళ్ల చక్రంతో (షెడ్డులో క్రౌన్ అంటారు) సరిగ్గా కలవదు. పళ్లు అరుగుతాయి. ఒక్కోసారి విరుగుతాయి కూడా. కొన్ని బండ్లలో నలిగే గొట్టానికి బదులు గట్టి గొట్టం, కొలత బిళ్లలు ఉంటాయి. వాటిలో పని కాస్త సులువు. మీ బండిలో ఏది ఉందో మాన్యువల్ చూస్తే తెలుస్తుంది, లేదా మెకానిక్‌ని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు?

చప్పుడుని బట్టి జబ్బు

పసిపిల్ల ఏడుపుని బట్టి ఆకలో, కడుపునొప్పో తల్లి చెప్పేస్తుంది. బండి భాష కూడా అలాంటిదే. ఫ్లాంజ్ విప్పి బిగించాక ఏదైనా కొత్త చప్పుడు వస్తే ఇలా గమనించండి.

* ఎడతెగని కూత, వేగంతో పాటు పెరుగుతుంటే: నట్టు బిగింపు తేడా అయినా కావచ్చు, డిఫరెన్షియల్‌లో నూనె తక్కువైనా కావచ్చు. సీలు మార్చేటప్పుడు కొంత నూనె కారిపోతుంది. మళ్లీ నింపడం మర్చిపోవడం మామూలే. అందుకని ముందు నూనె చూపించండి. బండి సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, నింపే కన్నం మూత విప్పితే నూనె ఆ కన్నం అంచు దాకా ఉండాలి. చాలా బండ్లలో ఇదే లెక్క.

* యాక్సిలేటరు నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా కూస్తుంటే: పినియన్, క్రౌన్ కలిసే తీరు మారి ఉండొచ్చు. దీన్ని వాయిదా వెయ్యొద్దు.

* కూత లేదు, కానీ ఓ వేగం దాటాక సీటు కింద జలదరింపు: ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పాత గుర్తు ప్రకారం కాకుండా తిప్పి బిగించారేమో! ఫ్లాంజ్ మీద మట్టి, తుప్పు తుడవకుండా బిగించినా, బోల్టు ఒకటి వదులైనా ఇలాగే ఉంటుంది.

* గేరు వేయగానే, రివర్సు తియ్యగానే "టక్" మని గట్టిగా కొడితే: నట్టు గానీ బోల్టులు గానీ వదులై ఉండొచ్చు. షాఫ్ట్ చివర క్రాసు అరిగినా ఇదే చప్పుడు. బండి ఆపేసి చూపించండి. షాఫ్ట్ ఊడితే బ్రేకు గొట్టాలకీ దెబ్బే.

* మళ్లీ నూనె మరక కనబడితే: కొత్త సీలు వంకరగా దిగిందేమో, అంచు చిరిగిందేమో చూడాలి. ఫ్లాంజ్ మెడ మీద పాత సీలు అరగదీసిన గాడి ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతూనే ఉంటుంది. డొప్పకి గాలి పోయే చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి నూనె బయటికి తన్నుకొస్తుంది.

* మరక మధ్యలో కాకుండా చక్రం దగ్గర ఉంటే: అది ఇరుసు చివరి సీలు, లేదంటే బ్రేకు ఆయిల్. ఏదైనా సరే, బ్రేకుల మీద పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ బండి కదపొద్దు.

అసలు ఆ చప్పుడు డిఫరెన్షియల్‌దేనా? దానికీ చిట్కాలున్నాయి. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఒకలా ఉంటే టైర్లని అనుమానించండి. బండి ఓ పక్కకి తిప్పినప్పుడు పెరిగి, రెండో పక్కకి తిప్పితే తగ్గితే చక్రం బేరింగు. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజను రేజ్ చేసినా చప్పుడు వస్తుంటే వెనక డొప్ప తప్పేం లేదు, ఇంజను వైపు చూడాలి.

వదిన పుస్తకంలో...

ఇప్పుడు మా వదిన నోటు పుస్తకం సంగతి. ముందుగా ఆవిడ చేసిన పని, పిల్లల్ని ఆ వ్యానులో ఎక్కించడం మానేసింది. మూడు రోజులు తన డబ్బులతో ఆటోలు మాట్లాడింది. "ఆ మూడు రోజుల డబ్బు మాకు నెల కూరగాయలకి వస్తుంది. అయినా ఎవరి పిల్లల్తోనో నేను ప్రయోగాలు చెయ్యలేను కదా" అంది. తెల్లవారుజామున ఖాళీ వ్యాను తీసి, పక్కన అన్నయ్యని కూచోబెట్టి ఒక్కొక్కటే రాయించింది.

"నలభై దగ్గర మొదలు. అరవైకి బాగా ఎక్కువ. కాలు నొక్కినా ఉంది, వదిలినా ఉంది. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు తేడా లేదు. కుడి, ఎడమ తేడా లేదు. ఆగినప్పుడు ఇంజను రేజ్ చేస్తే లేదు. ఇరవై కిలోమీటర్లు వెళ్లాక ఇంకా పెరిగింది. డొప్ప ముందు భాగం మీద నీళ్లు చిలకరిస్తే చుర్రుమంది. పక్క గొట్టం మీద చుర్రుమనలేదు. కింద మరక లేదు."

మీరూ వేడి చూడాలనుకుంటే అరచెయ్యి ఆనించకండి, బొబ్బలెక్కుతుంది. నీటి చుక్కే మంచిది. అట్లపెనం మీద చల్లినట్టు చుర్రుమంటే మామూలు వేడి కాదు.

ఆ పుస్తకం పట్టుకుని వదిన పక్క ఊళ్లో ఓ పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత అడిగింది ఒక్కటే ప్రశ్న.

"నట్టు దేంతో బిగించారమ్మా?"

"గాలి గన్నుతో బాబాయ్ గారూ. బర్రుమని చప్పుడు విన్నాను."

"విప్పేముందు గుర్తు పెట్టారా?"

"లేదండీ. నేనక్కడే ఉన్నాను."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. షాఫ్ట్ విప్పించి, ఫ్లాంజ్‌ని చేత్తో తిప్పాడు. వదినని కూడా తిప్పి చూడమన్నాడు. "పొడి పిండితో తిరగలి తిప్పినట్టుంది, ఈడుస్తోంది" అంది వదిన. డొప్ప తెరిస్తే బేరింగుల మీద వేడికి నీలం మరకలు. అదృష్టం కొద్దీ పళ్లు బాగానే ఉన్నాయి. "ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిప్పుంటే క్రౌను, పినియను కూడా కొనాల్సొచ్చేదమ్మా" అన్నాడాయన.

కొత్త బేరింగులు, కొత్త నలిగే గొట్టం, కొత్త సీలు, కొత్త నట్టు వేశారు. నట్టు బిగించడం చూస్తే వదినకి ముచ్చటేసిందట. పొడవాటి పిడితో కొంచెం బిగించడం, ఫ్లాంజ్‌కి తాడు చుట్టి, చేపల అమ్మి కొక్కెం కాటాలాంటి స్ప్రింగు తక్కెడతో లాగి, తిప్పడానికి ఎంత బలం పడుతోందో చూడటం. మళ్లీ చిటికెడు బిగించడం, మళ్లీ లాగడం. పాకం తీగ వచ్చిందా లేదా అని మాటిమాటికీ వేళ్లతో చూసుకుంటాం కదా, అంత ఓపికగా! ఎంత రావాలో అంకె మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని దాటాక వెనక్కి రావడం కుదరదు.

రెండో రోజు సాయంత్రం వ్యాను ఎనభై కిలోమీటర్లు తిప్పి తెచ్చారు. కూత లేదు!

పక్క ఫ్లాంజ్‌లున్న బండ్లు

కొన్ని కార్లలో డిఫరెన్షియల్ నుంచి చక్రాల వైపు శక్తి బయటికి వచ్చే చోట, రెండు పక్కలా ఫ్లాంజ్‌లుంటాయి. వెనక చక్రాలు దేనికది విడిగా ఊగే కార్లలో, ముందు చక్రాలకి శక్తి అందే కొన్ని కార్లలో ఇవి కనబడతాయి. వీటి సీలు మార్చడానికి కూడా ఫ్లాంజ్ లాగాలి.

ఇక్కడ తంటా వేరు. చాలా మోడళ్లలో బేరింగు బిగింపుతో వీటికి సంబంధం ఉండదు. లోపల ఓ సన్నటి తీగ వలయమో, మధ్యలో ఓ బోల్టో ఫ్లాంజ్‌ని పట్టి ఉంచుతుంది. తీగ వలయం గాడిలో సరిగ్గా కూచోకపోతే ఫ్లాంజ్ మెల్లగా బయటికి జరిగి నూనె కారుతుంది. బిగించాక గట్టిగా లాగి చూస్తే కదలకూడదు. కొన్ని మోడళ్లలో కుడిదీ ఎడమదీ ఒకే పొడవుండవు, మార్చి పెట్టకూడదు. ఈ పని తర్వాత కూత మొదలైతే ముందు నూనె మట్టం చూపించండి. "టిక్ టిక్" మంటుంటే షాఫ్ట్ బోల్టులు చూపించండి.

మీరు చేయాల్సినవి

షెడ్డులో ఇచ్చేముందు ఇవి మర్యాదగా, కానీ స్పష్టంగా అడగండి:

* విప్పేముందు నట్టు మీద, పినియన్ కొస మీద, ఫ్లాంజ్ మీద, షాఫ్ట్ మీద పెయింటుతో గుర్తు పెడతారా?

* విప్పేముందు తిప్పి చూసి, బిగించాక మళ్లీ తిప్పి చూస్తారా?

* నట్టు గాలి గన్నుతో కాకుండా చేత్తో, కొలత ప్రకారం బిగిస్తారా? కొత్త నట్టు వేస్తారా?

* డిఫరెన్షియల్‌కి మాన్యువల్‌లో చెప్పిన నూనే పోస్తున్నారా? గేరుబాక్సులో పోసేదీ ఇందులో పోసేదీ అన్ని బండ్లలోనూ ఒకటి కాదు.

* పాత భాగాలు నాకిస్తారా? బిల్లు మీద చేసిన పని రాస్తారా?

బండి తెచ్చుకున్నాక మొదటి రోజే ఖాళీ రోడ్డు మీద ఓ ఇరవై కిలోమీటర్లు నడపండి. రాత్రి కింద ఓ పాత అట్ట పరవండి. పొద్దున్న చుక్క పడిందేమో, ఎక్కడ పడిందో అదే చెబుతుంది. కొత్త చప్పుడు వస్తే వెంటనే తేదీతో సహా రాసుకోండి. పని చేయించాకే ఆ చప్పుడు మొదలైతే, ఆ పని దగ్గరే ముందు వెతకాలి. ఇది మెకానిక్‌ని తప్పు పట్టడం కాదు, దారి చూపించడం.

ఒక్క జాగ్రత్త. జాకీ ఎత్తి, చక్రాలు గాల్లో తిప్పుతూ కింద దూరి చూసే పని మాత్రం ఇంట్లో చెయ్యకండి. ఒక్క చక్రమే లేపితే ఇంకా ప్రమాదం. అది షెడ్డు పని. మన పని వినడం, రాయడం, అడగడం.

వదిన పాత బేరింగుల్నీ, నలిగిన గొట్టాన్నీ గుడ్డలో మూటగట్టి మొదటి షెడ్డుకి తీసుకెళ్లింది. గొడవ పడలేదు. బల్ల మీద పెట్టి, పుస్తకం పక్కన పెట్టింది. యజమాని చాలాసేపు చూశాడు. సీలు మార్చిన కూలి తిరిగిచ్చేశాడు. బేరింగుల ఖర్చు మాత్రం ఇవ్వలేదు. అది వదినే భరించింది. "నష్టమే. కానీ ఇకమీదట నేనేమైనా చెబితే వింటారు" అంది.

ఆ మధ్య ఇంకెవరిదో బండికి అదే పని పడిందట. షెడ్డు కుర్రాడు నట్టు విప్పేముందు తెల్ల పెయింటు డబ్బా తెచ్చి చుక్క పెట్టాడట. వదిన ఆ సంగతి చెబుతూ నవ్వింది. వాకిట్లో వ్యాను హారను మోగింది. పిల్లలెవరో అప్పుడే ఎక్కి కూచున్నారు.